ముల్లు కదలని బీపీ మిషన్

నేను ఒక బీపీ మిషన్‌ని. పైడమ్మను చంపింది నేను. చంపించింది మీరు. జిల్లా ఆఫీసులో చల్లటి గదుల్లో కూర్చుని ఊళ్ళ ఆరోగ్యానికి రంగుల పటాలు గీసేవాళ్ళు, మీరే.

పుట్టుకతో నాలో లోపం లేదు. కర్మాగారంలో నా ముల్లును మూడుసార్లు సరిచూసి పంపారు. సముద్రం ఒడ్డున జాలర్ల పేటకి చేరాను. అక్కడి నర్సమ్మ కరుణ నన్ను సంచిలో వేసుకుని గడపగడపకీ తిరిగేది. ఏడాదిలోనే తెలిసిపోయింది నాకు, ఈ పేటలో నలభై దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరికి బీపీ ఉందని. ఉండదా మరి? వేట లేని రోజు కూర ఉప్పుచేపే. ఆడవాళ్ళు చుట్ట నిప్పుని నోట్లోకి తిప్పి అడ్డపొగ పీలుస్తారు, ఆకలి చచ్చిపోతుందని. గంప మోసిన నొప్పులకి కిరాణా కొట్టు బిళ్ళలు రోజుకి రెండు మింగుతారు. వీటిని మీరు చెడు అలవాట్లని రాస్తారు. ఆకలి అని రాయరు.

రెండో ఏడు నాకు గాలి కొట్టే రబ్బరు బంతి చిరిగింది. కొత్తది కావాలని కరుణ మూడుసార్లు కాగితం పెట్టింది. బంతి రాలేదు, లెక్కలెక్కించే ఫోను ఒకటి వచ్చింది. సాయంత్రానికల్లా రెండు వందల మంది బీపీ అందులో ఎక్కించాలట. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ముందుకి కదలదు. అప్పుడు మొదలైంది ఆ తంతు. పట్టీ చుట్టడం, చచ్చిన బంతిని నాలుగుసార్లు నొక్కడం, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని తల ఊపడం, నూట ఇరవై–ఎనభై అని కొట్టడం. ముసలాడికీ అదే, బాలింతకీ అదే, తాగి పడున్నవాడికీ అదే. జనం మురిసిపోయారు. మీరు ఇంకా మురిసిపోయారు. బీపీ లేని పేట అని పేరు పెట్టి, రోగులే లేరు కదా అని బిళ్ళలు పంపడం మానేశారు.

ఎండుచేపలమ్మే పైడమ్మ మూడుసార్లు వచ్చింది, తల పగిలిపోతోందని. మూడుసార్లూ నూట ఇరవై–ఎనభై. కరుణ ఆమె మొహం చూడలేదు. నాలుగోసారి పైడమ్మ రాలేదు. సంతలో తక్కెడ పట్టుకుని నిలబడ్డ మనిషి నిలువునా కూలింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ముక్కులోంచి రక్తం ఎండుచేపల మీద కారింది. ఆటో దొరికేలోగా పోయింది.

పదమూడో రోజున మీ అధికారి పేటకి మెచ్చుకోలు పత్రం ఇవ్వడానికి వచ్చాడు. పైడమ్మ మొగుడు దానయ్య నన్ను కరుణ సంచిలోంచి లాక్కుని వేదిక ఎక్కాడు. అధికారి మెడ పట్టి కుర్చీలోకి అదిమాడు. కండ ఉబికేలా నన్ను అతని చేతికి బిగించాడు.

"కొట్టు నర్సమ్మా. బాబుకెంతుందో సెప్పు."

కరుణ బంతి నొక్కింది. తుస్సుమంది. అలవాటుకొద్దీ ఆమె పెదవులు కదిలాయి. నూట, అని ఆగిపోయింది.

"ముల్లు కదల్దు దానయ్యా. రెండేళ్ళయింది."

"మరి నా ఆడదానికి ఏటి సూసినావమ్మా?"

దానయ్య నన్ను గొట్టం పట్టుకుని గిరగిరా తిప్పి అధికారి మొహం మీద కొట్టాడు. నా అద్దం పగిలి అతని నుదుట్లో దిగింది. అతనికి పది నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది.

దానయ్య మీద కేసు, ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, అధికారి మీద దాడి. పైడమ్మ చావు మీద కేసు లేదు. కరుణను పంపేశారు. కొత్త నర్సమ్మ వచ్చింది, కొత్త మిషన్ రాలేదు. నేను పోలీస్ స్టేషన్ బీరువాలో చీటీ కట్టిన సాక్ష్యాన్ని.

ఇవాళ విచారణకని జైలు నుంచి ఇక్కడికి తెచ్చిన దానయ్యను చూడ్డానికి కూతురు ఎర్నమ్మ వచ్చింది. ఏడో నెల. కాళ్ళు బూరెల్లా ఉబ్బాయి. తల పట్టుకుని గోడకి జారబడింది.

"నర్సమ్మ సూసిందేటే?" అన్నాడు దానయ్య, ఊచల్లోంచి.

"సెయ్యట్టుకు సూసింది నాన్నా. నూట ఇరవై–ఎనభయ్యేనట."

సాక్ష్యాన్ని కదా, చెబుతున్నాను. ఖాళీ గడిని ఖాళీగా వదలనివ్వండి. పేటకి బిళ్ళలు పంపండి. వాటన్నిటికంటే ముందు, పనిచేసే మిషన్ ఒకటి పట్టుకుని ఈ స్టేషన్‌కి రండి. ఎర్నమ్మ ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది. ఆమె చెయ్యి చాపే ఉంది. చుట్టండి. ఈ పూటే.