కంచంలో కడిగిన చెయ్యి

మా ఆయన కంచంలోనే చెయ్యి కడుగుతాడు. కడిగి ఊరుకోడు. గ్లాసులో మిగిలిన నీళ్లు నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి పుక్కిలించి, ఆ కంచంలోనే ఉమ్మి లేస్తాడు. సింకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. తీయాల్సింది నేను. ఉబ్బిన మెతుకులు, నమిలి పడేసిన మునక్కాయ పిప్పి, పైన తేలే నురగ. తొమ్మిదేళ్లుగా రోజుకు రెండుసార్లు ఊపిరి బిగబట్టి తీస్తున్నాను. చలికాలం ఇంకా రోత. మాంసం వండిన రోజు కొవ్వు గడ్డకట్టి అంచుకు పట్టుకుంటుంది, చన్నీళ్లకు వదలదు, గోళ్లతో గీకాలి. ఆ గోళ్లతోనే మళ్లీ నేను అన్నం కలుపుకోవాలి.

పెళ్లైన కొత్తలో ఒక్కసారి అన్నాను, "జర సింకుల కడుక్కోరాదుండ్రి" అని. అంతే. కృష్ణకాంత్ రెండు రోజులు నా చేతి వంట ముట్టలేదు. మా అత్త బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మొగోడు ఎంగిలి చెయ్యితోని ఇల్లంత తిరుగుతడా? మీ మామ సచ్చేదాంక గట్లనే కడిగిండు. నేను తియ్యలేదా?" కబురు అంది మా నాయిన హాలియా నుంచి బస్సులు మారి మారి మక్తల్‌కు వచ్చాడు. నన్ను వాకిట్లోకి పిలిచి, "కంచం తీస్తే చేతులు అరుగుతయా బిడ్డా? ఇంట్ల శాంతి ఉండాలె" అన్నాడు. అల్లుడితో కూర్చుని చాయ్ తాగి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లో శాంతి ఉంది. రోజూ నేనే తోముతున్నాను దాన్ని. తోమడం అయ్యాక స్కూలుకు పోతాను.

స్కూలంటే ఊళ్లోనే ఒక ప్రైవేటు బడి. ఒకటో తరగతి నాది. నా బిడ్డ మనీష కూడా అందులోనే. డిసెంబర్‌లో మా ప్రిన్సిపాల్ మంజులత మేడం వారం రోజుల పాఠం ఒకటి చేతిలో పెట్టింది: శాంతిదూతలు, భిన్నత్వం, చలికాలపు ప్రకృతి. చార్టులు, కాగితం పావురాలు అన్నీ ఇంటి దగ్గరే చేసుకు రావాలట. పొద్దున కుక్కర్ కూతలు లెక్కపెడుతూ కత్తిరించుకుంటుంటే కృష్ణకాంత్ నవ్వాడు. "గీ బొమ్మలు కోసుడు గూడ నౌకరేనానే? గిట్లయితే నేను గూడ చేస్త." నేను పోపు పెట్టడానికి లేచేసరికి అదే కత్తెరతో ముక్కువెంట్రుకలు కత్తిరించుకుని, తుడవకుండా నా పావురాల మీద పెట్టి పోయాడు. రెండు పావురాలు పారేశాను.

చలికాలం చార్టులో మంచుమనిషి ఉండాలని మేడం హుకుం. దూది అతికించాను. పిల్లలు ఊరుకుంటారా? "టీచర్, గది మంచు గాదు, పత్తి. మా అవ్వ ఏరుతది" అన్నాడొకడు. నాకే నవ్వొచ్చింది. చార్టు పక్కన పెట్టి బడి వెనక శెనగచేను గట్టుకు తీసుకుపోయాను. శెనగాకు మీది మంచు పుల్లగా ఉంటుంది. అందరూ వేలు అద్ది నాకారు. పులుపుకు కళ్లు మూసుకున్నారు. దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగితే కర్ణాటక వైపు పిల్లలు కన్నడంలో, సానియా ఉర్దూలో, తండా నుంచి వచ్చే కావేరి లంబాడీలో చెప్పారు. భిన్నత్వం గురించి ఇంకేం చెప్పాలి? చాలా రోజులకు నాకు నా పని ముద్దొచ్చింది.

క్లాసుకు వచ్చాక శాంతిదూతల పాఠం. గొడవలు ఆపేవాళ్లే శాంతిదూతలని చెప్పి, "మీ ఇంట్ల లొల్లయితే ఎవరు ఆపుతరు?" అని అడిగాను.

"మా తాత! కట్టె వట్టుకొని లేస్తడు."

"మా అమ్మీ. అబ్బా అరిస్తే సప్పుడు చెయ్యకుండ చాయ్ ఇస్తది" అంది సానియా.

"మా యాడి ఊకుంటది" అంది కావేరి, వాళ్లమ్మ గురించి.

మనీష చెయ్యెత్తింది. నేను పిలవకముందే లేచి నిలబడింది. "మా మమ్మీ. మా డాడీ కంచంల ఉమ్ముతడు గద, మమ్మీ ఏమనదు. గిట్ల తీస్తది." అని నోరు బిగించి, ముక్కు ముడిచి, మొహం పక్కకు తిప్పి, రెండు చేతులతో లేని కంచం పట్టుకుని నాలుగడుగులు నడిచి చూపించింది.

క్లాసంతా పగలబడి నవ్వింది. ముప్పైమంది పిల్లలు ముక్కులు ముడిచి కంచాలు మోశారు. నా మొహం నేనెప్పుడూ చూసుకోలేదు. ఆరేళ్ల పిల్ల రోజుకు రెండుసార్లు చూస్తోంది.

కిటికీ దగ్గర నిలబడ్డ మంజులత మేడం లోపలికి వచ్చింది. "ఎంత ముద్దుగ చెప్పింది! ఓపికనే అసలు శాంతి. చప్పట్లు కొట్టుండ్రి." మనీష గౌనుకు కాగితం పావురం పిన్నుతో గుచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కృష్ణకాంత్ ఉమ్మి మీద కంటే ఆ చప్పట్ల మీదే నాకు ఎక్కువ అసహ్యం.

ఆ సాయంత్రం మనీష గౌను విప్పనివ్వలేదు. పావురంతోనే అన్నానికి కూర్చుంది. కృష్ణకాంత్ తిన్నాడు, కడిగాడు, పుక్కిలించాడు, ఉమ్మాడు, లేచాడు. నేను వంగేలోపే మనీష ఉరికింది.

"మమ్మీ, నేను తీస్త! నేను గూడ శాంతిదూతను."

రెండు చేతులా కంచం ఎత్తింది. ఊపిరి బిగబట్టింది. మొహం పక్కకు తిప్పింది. నీళ్లు తొణికి దాని వేళ్ల మీద పడ్డాయి, పావురం మీద పడ్డాయి.

"సూడు, ఎంత బుద్ధిమంతురాలో! రేపు అత్తింట్ల పేరు తెస్తది" అంది బాలనర్సమ్మ.

"మనీషా, కింద పెట్టు."

నా గొంతుకు అది బెదిరింది. పెట్టింది. దాని చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, పావురం పీకి చెత్తబుట్టలో వేశాను. తిరిగొచ్చి కృష్ణకాంత్ ముందు నిలబడ్డాను.

"మీ కంచం మీరే తియ్యాలె. ఇయ్యాల్టి సంది నేను తియ్య. నా బిడ్డ తియ్యది."

"ఏమైందే నీకు? పొద్దుగాల మంచిగనే ఉంటివి గద" అన్నాడు, ఫోన్ లోంచి తలెత్తకుండా.

అత్త మోకాళ్లు పట్టుకుని లేచింది. "దీనికింత లొల్లెందుకు, నేను తీస్త తియ్."

"వద్దత్తమ్మా. మీరు తీసింది చాలు."

ఆమె వంగినదల్లా ఆగింది. కంచం వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. అప్పుడు తలెత్తాడు కృష్ణకాంత్. మొహం ఎర్రబడుతోంది. మనీష నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"మమ్మీ, లొల్లయితదా?"

"అయితది బిడ్డా," అన్నాను. "కానియ్యి."