బూజు పట్టని బ్రెడ్డు

నేను ఒక బ్రెడ్డు ప్యాకెట్టుని. ముక్కలుగా కోసి, నిగనిగలాడే కవరులో సర్దిన పాల బ్రెడ్డుని. పాలు నాలో ఎన్ని ఉన్నాయని మాత్రం అడక్కండి. కవరు మీద బొమ్మలో గ్లాసు నిండా ఉన్నాయి.

పుట్టింది విశాఖపట్నం దారిలో ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో. మైదా, నీళ్ళు, ఈస్టు, పంచదార, ఉప్పు పడ్డాక సరిపోయిందనుకున్నాను. సరిపోలేదట. పిండి తొందరగా పొంగడానికి ఒక పొడి, మెత్తగా ఉండటానికి ఒక పొడి, బూజు దగ్గరికి రాకుండా ఇంకో పొడి వేశారు. అదంతా నా మీద ప్రేమే అనుకుని మురిసిపోయాను. తునిలో కిరాణా కొట్టుకి చేరాక వచ్చినవాళ్ళంతా నన్ను వేలితో నొక్కి చూసేవారు. గుంట పడి మళ్ళీ పైకి లేస్తే నేను మంచి సరుకునని తేల్చేసేవారు. మామిడిపండుని వాసన చూస్తారు, వంకాయని తిప్పి తిప్పి చూస్తారు. నన్ను మాత్రం ఒక్కరూ వాసన చూడలేదు.

మన ఊళ్ళలో నన్ను ఆకలేసి కొనేవాళ్ళు తక్కువ. నన్ను చేత్తో పట్టుకుని వీధిలో నడిస్తే చాలు, ఎవరికి జ్వరం అని అరుగుల మీద నుంచే అడిగేస్తారు.

మంగతాయారు నన్ను కొన్నదీ అందుకే. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పక్కింటి భ్రమరాంబకి జ్వరం. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఒకప్పుడు ఆ గోడ మీదుగా కూరగిన్నెలూ, "వదినా" అనే పిలుపులూ అటూ ఇటూ తిరిగేవి. మొన్న ఎండాకాలంలో మంగతాయారు మేడ కడిగిన నీళ్ళు భ్రమరాంబ ఆరబెట్టుకున్న వడియాల మీదికి పోయాయి. చూసుకోలేదని ఈవిడ, చూసే పోసిందని ఆవిడ. అప్పటినుంచి మాటల్లేవు. జ్వరం వంకన పలకరిస్తే మళ్ళీ కలిసిపోవచ్చని మంగతాయారు ఆశ. ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కదా. నా మూతికున్న క్లిప్పు దారిలో ఊడిపోతే, కుట్టుమిషను మీదున్న ఆకుపచ్చ దారం తెంపి కట్టింది. ముస్తాబయ్యాను. వీధి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాం.

"ఎందుకండీ మీకీ శ్రమ" అంది భ్రమరాంబ.

వదినా అనే నోరు అండీ అనేసరికి మంగతాయారు ముఖం చిన్నబోయింది. నన్ను స్టూలు మీద పెట్టి, నాలుగు పొడి మాటలు మాట్లాడి వచ్చేసింది. నాకూ బాధేసింది. అంత మంచి పని మీద వెళ్ళి ఉత్తదాన్నైపోయాను.

భ్రమరాంబ ఒక ముక్క తీసి కొరికి, ముఖం అదోలా పెట్టి, మళ్ళీ ఆ దారమే కట్టేసింది. జ్వరం తగ్గాక, కాలు విరిగిన డ్రిల్లు మాస్టారిని చూడబోతూ నన్ను పట్టుకెళ్ళింది. వాళ్ళింట్లో అప్పటికే నా చుట్టాలు బోలెడుమంది కొలువుదీరి ఉన్నారు. విరిగిన ఎముక బ్రెడ్డుతో ఎలా అతుక్కుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈలోగా జ్వరం గోడ దాటి మంగతాయారుని పట్టుకుంది. మాస్టారి భార్య ఆవిణ్ణి చూడటానికి బయల్దేరుతూ చేతికందిన ప్యాకెట్టు తీసుకుంది. అది నేనే.

ఇన్ని చేతులు మారినా నా మెత్తదనం చెక్కుచెదరలేదని గర్వంగా కూర్చున్నాను. మాస్టారి భార్య వెళ్ళిపోయాక మంగతాయారు నా దారం చూసి లేచి కూర్చుంది. తన బ్రెడ్డు అంత పనికిరానిదైపోయిందా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే భ్రమరాంబ పరామర్శకి వచ్చింది, వీధి గుమ్మంలోంచి. మంగతాయారు నన్ను తీసి ఆవిడ ముందు పెట్టింది. భ్రమరాంబ ఆ దారం ముడిని వేలితో తడిమింది.

"నాకు జ్వరమొస్తే నువ్వు మిరియాల చారు కాచి గోడ మీంచి అందించేదానివి" అంది. "ఆ గిన్నె కోసం రెండ్రోజులు గోడకేసే చూశాను వదినా. నువ్వేమో పరాయివాళ్ళలాగా బ్రెడ్డు పట్టుకొచ్చావు."

"మరి నీ చేతిలో ఉన్నదేంటి?" అంది మంగతాయారు.

భ్రమరాంబ కొంగు చాటున నా తమ్ముడు, కొత్త ప్యాకెట్టు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. మంగతాయారుకి దగ్గు ముంచుకొచ్చినా నవ్వు ఆగలేదు. నీళ్ళు చూసుకోకుండా పోయడం తన తప్పేనని మంగతాయారు అంటే, ఆ వడియాలు ఎలాగూ ఉప్పుకషాయమేనని భ్రమరాంబ ఒప్పేసుకుంది. ఆ తర్వాత నన్ను విప్పి ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. నా పుట్టుకలో మొదటిసారి ఒక మనిషి నన్ను వాసన చూసింది.

"ఇన్నిళ్ళు తిరిగినా దీనికి బూజైనా పట్టలేదేంటి వదినా? మన ఇడ్లీపిండి మర్నాటికే పులిసిపోతుంది."

తినడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. కాకులకని నన్ను గోడ మీద పరిచారు. కాకులు మెడ వంచి, పరీక్షగా చూసి, కొంచెం మొహమాటపడి, మొత్తానికి తిన్నాయి. అట్టలా గట్టిగా ఉండే నా చివరి ముక్క మాత్రం మిగిలింది. ఇప్పుడు మాట్లాడుతున్నది అదే.

ఆ సాయంత్రమే భ్రమరాంబ వంటింట్లోంచి మిరియాలు దంచిన చప్పుడు, వెనకాలే ఇంగువ పోపు ఘాటు వచ్చాయి. "వదినా, చారు" అన్న పిలుపుతో పాటు పొగలుకక్కే గిన్నె నా మీదుగా గోడ దాటింది. మంగతాయారు అందుకోబోతుంటే గిన్నె తొణికి ఒక చుక్క నా మీద పడింది. అబ్బ, రుచంటే అదా! ఒళ్ళంతా పీల్చుకున్నాను.

ఈ ఉదయం ఆ చుక్క పడిన చోట నువ్వుగింజంత పచ్చటి బూజు కనిపించింది. అచ్చం ఆ దారం రంగే. మంగతాయారు చూసి గోడవతలికి కేకేసింది.

"వదినా, ఇలా రా. నీ చారు తగిలి దీనికి కూడా ప్రాణమొచ్చింది."