ఇచ్చే కుంచం

సున్న పెట్టింది చాలక దాని చుట్టూ ఎర్రసిరాతో రెండు గీతలు కూడా గీశాడు కామేశం పంతులు. తన జవాబు పక్కన అది చూసి ఆశీర్వాదానికి ఒళ్లు మండిపోయింది.

మెట్రిక్యులేషన్ ఆఖరి ఏడు. గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజులు. ఆ హైస్కూల్లో అర్థశాస్త్రం, వ్యాపారం చెప్పేది కామేశం పంతులే. ఆయన పరీక్షలో ముప్పై అయిదు వస్తేనే పెద్ద పరీక్షకు పేరు పంపుతారు. ఆశీర్వాదానికి ముప్పై వచ్చాయి.

"కూలి ఎలా నిర్ణయమవుతుంది?" అన్నది సున్న వచ్చిన ప్రశ్న. యజమానీ కూలివాడూ ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నదే కూలి అని పుస్తకం చెబుతుంది. ఆశీర్వాదం అది రాయలేదు. తన తల్లి దీనమ్మ పనిచేసే కామందు తాతాజీగారి కళ్లంలో రెండు కుంచాలున్నాయని రాశాడు. ధాన్యం పుచ్చుకునే కుంచం పెద్దది. కూలివాళ్లకు కొలిచి ఇచ్చే కుంచం రెండు దోసిళ్లు చిన్నది. కూలిని నిర్ణయించేది ఆ రెండు దోసిళ్లేనని తేల్చాడు. అబద్ధమా? ఆ చిన్న కుంచం గింజలు అమ్మే కదా తల్లి తన ఫీజు కడుతున్నది!

పక్కనే కూర్చున్న బుల్లిరాజు ఆ తాతాజీగారి కొడుకే. మనసులో కల్మషం లేనివాడు.

"ఎలా రాయాలో నాది చూసి నేర్చుకోరా," అని తన కాగితం చేతికిచ్చాడు.

"అలాగేనండి బుల్లిరాజుగారూ," అన్నాడు ఆశీర్వాదం. ఒకే బల్ల మీద కూర్చున్నా ఒకడికి 'రా', ఒకడికి 'గారు'.

లాభం పెంచుకునే ఉపాయానికి ఉదాహరణ ఇమ్మన్న ప్రశ్న కింద బుల్లిరాజు ఇలా రాశాడు: "మా నాన్నగారు రెండు కుంచాలు వాడతారు. ఇచ్చేది చిన్నది. అందువల్ల ఖర్చు తగ్గుతుంది." పక్కన పదికి పది. కింద పంతులు మెచ్చుకోలు: "అనుభవంలోంచి తీశావు. భేష్!"

ఆశీర్వాదం రెండు కాగితాలూ పట్టుకుని తిన్నగా పంతులు ముందు నిలబడ్డాడు.

"ఇద్దరం ఒక్క కుంచం గురించే రాశామండి."

పంతులు ముక్కుపొడుం పీల్చి, "అతను వ్యాపారం రాశాడు. నువ్వు పెద్దమనుషుల మీద నింద రాశావు. పోనీలే, పుస్తకంలో ఉన్నది రాసి పట్రా. అయిదు మార్కులు వేస్తాను," అన్నాడు.

సరిగ్గా అయిదే కావాలి. నాలుగు ముక్కలు గిలికితే చాలు, ఏడాది దక్కుతుంది. కాని తన తల్లి ఆ కుంచానికి ఇష్టపడి ఒప్పుకుందని తన చేత్తో ఎలా రాస్తాడు?

"కామందుగారి కళ్లంలోనే రెండు కుంచాలున్నాయనుకున్నానండి," అన్నాడు. "మీ దగ్గరా ఉన్నాయండి."

మర్నాడు గోడకంటించిన జాబితాలో బుల్లిరాజు పేరు అందరికంటే పైనుంది. ఆశీర్వాదం పేరు ఎక్కడా లేదు.

శనివారం పడవెక్కి ఊరు చేరి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"అచ్చంగా అదే కుంచవా?" అంది దీనమ్మ.

"అదేనమ్మా."

"ఆ బాబుకి పదీ, నీకు సున్నాను."

"అవునమ్మా."

సోమవారం సాయంకాలం కూలి కొలిచే వేళకు ఆశీర్వాదం కూడా కళ్లానికి వెళ్లాడు. దీనమ్మ వంతు వచ్చింది. గుమాస్తా ఎప్పటిలాగే చిన్న కుంచం నింపాడు. ఇరవై ఏళ్లుగా ఆ కళ్లంలో నోరెత్తని మనిషి, పట్టిన కొంగు వెనక్కి తీసుకుంది.

"అది కాదండి," అంది. "అదుగో, ఆ రెండోది తియ్యండి."