ఆటో మైకు పాట

నెల్లికుదురులో విత్తనాల దుకాణం నడిపే వీరేశం నోట అబద్ధం రాదు. నిజమే కొంచెం ఏపుగా పెరిగి బయటికి వస్తుంది. ఆ ఏడు ఒక ఎరువుల కంపెనీ నలభై మంది డీలర్లను థాయ్‌లాండ్ తీసుకుపోతే, రెండు రోజుల్లోనే బస్సులో అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. తాను అమ్మిన బీరగింజను పొద్దున నాటితే సాయంత్రానికి తీగ సెల్‌టవర్ ఎక్కి సిగ్నల్ ఆపేసిందన్నాడు. తన మిరప చేనులో ఒక కాయ కొరికిన కాకి ఇప్పటికీ మహబూబాబాద్ స్టేషన్ నల్లా దగ్గర నీళ్లు తాగుతూనే ఉందన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కడూ నమ్మలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మూడో రోజు అతను నిజం చెప్పాడు.

ఆ సాయంత్రం టీవీలో పాటల పోటీ ఫైనల్. పెద్దవంగర పోయే దారిలో ఉన్న తండాలోని హీర్యా, గంగాబాయిల కూతురు విజయ చివరి ముగ్గురిలో ఉంది. ఆ పిల్ల మొట్టమొదట పాడింది తన ఆటో మైకులోనేనని, ఆ పాట భూపాలపల్లి దాకా వినబడిందని వీరేశం చెప్పాడు. భూపాలపల్లి డీలరు చెవి తడుముకుని, తనకైతే ఏమీ వినబడలేదన్నాడు. కొడకండ్ల ఉప్పలయ్య లేచి పందెం కట్టాడు.

"గా మాట గా పిల్ల నోట్లకెళ్లే రావాలె వీరేశమన్నా. రాకపోతే శంషాబాద్‌ల దిగేదాంక నువ్వు నోరు తెరువద్దు."

ఇంకా మూడు రోజుల ప్రయాణం. తిండి మానమంటే వీరేశం మానేవాడు, మాట మానడం ఎట్లా? అయినా ఒప్పుకున్నాడు. అది ఏ పాటో మాత్రం చెప్పలేదు.

హోలీ నాడు ఆ తండా ఆడవాళ్లు దారిన పోయేవాళ్లను చుట్టుముట్టి, ఎగతాళి పాట కట్టి, ఇనాము ఇచ్చేదాకా వదలరు. అది తెలిసీ నాలుగేళ్ల కిందట వీరేశం సరిగ్గా ఆ రోజే ఆటోకు మైకు కట్టుకుని ప్రచారానికి పోయాడు. రంగు గిన్నెలు చూడగానే దిగి ఆటో కింద దూరాడు. మైకు ఆపకుండా సీటు మీదే వదిలేశాడు. దాన్ని విజయ అందుకుంది. పాట మూడు తండాలు విన్నాయి. సాయంత్రానికి వీరేశం భార్య జానకి చెవిన కూడా పడింది.

పట్టాయాలో బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆ ఛానెల్ ఈ దేశంలో ఫోనుకు రాదని తేలింది. వీరేశం జానకికి వీడియో కాల్ చేసి ఫోను టీవీ ముందు పట్టుకొమ్మన్నాడు. థాయ్ గైడు పిల్ల దగ్గర బస్సు మైకు అడిగి తీసుకుని తన ఫోనుకు ఆనించాడు. జానకి మధ్యలో పప్పు చూడ్డానికి ఫోనుతోనే వంటింట్లోకి పోతే కుక్కర్ విజిల్ బస్సంతా మోగింది. అదీ పోటీలో పాటే అనుకుని గైడు పిల్ల చప్పట్లు కొట్టింది.

విజయ పాడుతుంటే ఉప్పలయ్య కూడా తాగుతున్న కొబ్బరిబోండం పక్కన పెట్టాడు. పాట అయ్యాక యాంకరు మొదటిసారి ఎక్కడ పాడావని అడిగాడు. హోలీకి తండాకు వచ్చిన విత్తనాల ఆటో మైకులోనని చెప్పింది విజయ.

"ఎవల ఆటో? గట్లాంటియి మా కొడకండ్లల పది తిరుగుతయి," అన్నాడు ఉప్పలయ్య.

ఆ పాటే పాడమన్నాడు యాంకరు. వీరేశం పేరు ఉన్నది ఆ పాటలోనే. అంతలో ఫోనులో టీవీ పోయి జానకి ముఖం వచ్చింది.

"ఇగో, గా హోలీ పాటే పాడేటట్టున్నది. ఇజ్జత్ పోతది. కట్ చెయ్యాల్నా?"

మైకులో బస్సంతా విన్నది. కట్ చేస్తే మూడు రోజుల మౌనం. ఉంచితే నలభై మంది నవ్వు.

"ఉండనియ్ జానకీ. టీవీ దిక్కు తిప్పు."

విజయ పాట ఎత్తుకుంది.

"నెల్లికుదురు వీరేశం సేటొచ్చె
ముందుగాల బొజ్జ దిగె, ఎన్కసిరి సేటు దిగె
బీరగింజలు కొనుమనె, ఇనాము అడిగితె
ఆటో కింద దూరె, చెప్పులు బయట మరిచె!"

బస్సు ఊగిపోయింది. భూపాలపల్లి డీలరు సీటు మీంచి జారి కింద కూర్చున్నాడు. నవ్వులు ఆగాక విజయ గొంతు మళ్లీ వచ్చింది.

"సేటు గా పొద్దు మైకు ఆపుమనలే సార్. పాట అయ్యేదాంక ఆటో కిందనే పండుకొని విన్నడు."

ఆ మాటకు వీరేశం లేచి బస్సు నడుమ నిలబడ్డాడు. ముందు బొజ్జను, తరువాత తనను నడిపిస్తూ డ్రైవరు దాకా పోయి వచ్చాడు. జనమంతా పాట అందుకున్నారు.

విజేత పేరు చెప్పే సమయానికి తెర మీద తిరుగుతున్న ఫ్యాను తప్ప ఏమీ కనబడలేదు. జానకి ఫోను మంచం మీద పారేసి గంతులు వేస్తోంది. విజయ గెలిచిందని అందరికీ ఆ గంతుల చప్పుడుతోనే తెలిసింది.

ఉప్పలయ్య రెండు చేతులూ జోడించాడు. భూపాలపల్లి దాకా వినబడిందంటే నమ్మకపోవడం తన తప్పేనన్నాడు.

వీరేశం పట్టాయా వీధి వైపు చూసి మైకు అందుకున్నాడు.

"నీ తప్పు కాదు ఉప్పలయ్యా. నేనే జర తక్కువ జేసి చెప్పిన."