ముసల్ది కాసిన సీసా

విడపనకల్లు దాటినాక గుట్టమీద గాలిమరలు తిరుగుతుంటాయి. వాటి కిందున్న కేబుళ్ల షెడ్డుకు తొమ్మిదేళ్లుగా తిమ్మక్కే కాపలా. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలను తోలిన వడిసెలతోనే ఇప్పుడు దొంగలను తోలుతోంది.

సోమవారం సూపర్‌వైజరు గిరి వచ్చి ఒక్కమాటలో తేల్చేశాడు. "అవ్వా, నీకు అరవై రెండు దాటినాయి. ఒకటో తేదీ నుంచి రావద్దు. కాంట్రాక్టరు మాట."

పక్కవాడి వయసు లెక్కపెట్టడం వస్తే చాలు, ఈ కాలంలో ఎవడైనా ఆఫీసరే. తిమ్మక్కకు ఆ పూట అన్నం దిగలేదు.

బుధవారం స్పెయిను ఇంజినీరు తన దేశానికి బయలుదేరాడు. రెండేళ్లు ఆమె చేతి జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ తిన్న మనిషి. పోతూ పోతూ నల్లటి సీసా ఒకటి చేతిలో పెట్టి ఏదో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. డ్రైవరు జయచంద్రకు అందులో సగం అర్థమైంది. ఆ సగంలో సగం చెప్పాడు.

"శానా ఖరీదంట అవ్వా. వాళ్ల ఊర్లో నూరేండ్ల ముసల్ది కాసిందంట!"

"నూరేండ్లదా?"

"ఇంకా ఎక్కువేనంట."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. తిమ్మక్క మాత్రం నిలబడినచోటే సంబరంతో గాలిమరలా గిరగిరా తిరిగింది. నూరేళ్లు దాటిన ఆడమనిషిని కాపలా పెట్టుకున్న దేశం కూడా ఉందన్నమాట!

"కాపలా కాదక్కా, సారా కాసింటాది ముసల్ది," అంది సంగతి విన్న పక్కింటి గంగాదేవి.

తేల్చుకోవడానికి బిరడాను స్క్రూడ్రైవరుతో లోపలికి తోసి, చెరో స్టీలు గ్లాసు పోసుకున్నారు. నేరేడుపండు వగరు, దాని వెనకే తీపి. రెండో గ్లాసు అయ్యేసరికి గుట్టమీద గాలిమరలు రెట్టింపయ్యాయి. ఇద్దరూ చేతులు పట్టుకుని, పకపకా నవ్వుకుంటూ సైటాఫీసు మీదికి పోయారు.

"ఒరే గిరీ! ఆ దేశంలో నూరేండ్ల ముసల్ది కాపలా కాస్తాంది. నన్ను అరవై రెండుకే పొమ్మంటావా?"

గిరి సీసా తీసుకుని, దానిమీది లేబులు చదివి, కడుపు పట్టుకుని నవ్వాడు. "ముసల్దంటే ఆడమనిషి కాదవ్వా, ద్రాక్షతీగ! కాసిందంటే కాయలు కాసింది!"

ఆఫీసంతా గొల్లుమంది. తిమ్మక్క కళ్లు చికిలించి లేబులు మీది బొమ్మ చూసింది. రాళ్లనేలలో మెలికలు తిరిగిన మొద్దు.

"దీనికి పందిరి యాడప్పా?"

"లేదు. దానంతటదే నిలబడుంటాదంట."

"మరి పెరికి పారెయ్యలేదే?"

"ముదిరేకొద్దీ కాయలు తక్కువ, రుచి ఎక్కువని రాసినారు..." అని గిరి నాలుక కరుచుకున్నాడు.

"నేను చెప్పేదీ అదే గదరా!"

"రుచి కాదవ్వా, దొంగ వస్తే కొట్టల్ల. నీకు చూపు ఆనుతాందా?"

తిమ్మక్క నడుముకు చుట్టుకున్న వడిసెల లాగింది. దూరంగా నీళ్లడ్రమ్ము మీద సత్తుచెంబు మెరుస్తోంది.

"రెండు కనబడతాండాయే గంగా. యాదాన్ని కొట్టల్ల?"

"నాకు మూడు కనబడతాండాయి. నడిమిదాన్ని కొట్టు!"

రాయి గిర్రున తిరిగి పోయింది. ఠంగ్! చెంబు ఎగిరి అవతల పడింది. ఆఫీసులో లేచిన కేకలకు బయటి మేకలు బెదిరాయి. గంగాదేవి చిందులు మొదలెట్టింది.

అప్పుడే గిరి ఫోను మోగింది. కాంట్రాక్టరు. "ఆ ముసల్దాన్ని పంపించినావా?"

గిరి చెంబు సొట్టను చూశాడు, సీసాను చూశాడు.

"లేదు సార్. ఉండనీండి. ముసల్ది ఇంకా కాస్తాది."

"ఏం కాస్తాదిరా?"

"అన్నీ కాస్తాది సార్."

అవతల విసుగ్గా, "సరే, ఉండనీ. ఏమన్నా పోతే నీదే జవాబు," అని పెట్టేశాడు.

తిమ్మక్క అప్పటికే మిగిలిన గుక్కను గిరి టీగ్లాసులోకి వంచుతోంది. ఆమెకు గ్లాసులు రెండు కనబడ్డాయి. ఎవరికీ అన్యాయం జరగకూడదని సరిగ్గా మధ్యలో పోసింది.