కెటిల్ లోయ లైసెన్సు

మా ఆయన థేన్‌కి ముగ్గురు పిల్లలు, పదిహేడు పాయింట్లు. పిల్లల పుట్టినరోజులు ఎప్పుడో నన్నడిగి తెలుసుకుంటాడు కానీ, పాయింట్లు ఎన్నో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా పాయింట్లంటే తెలుసు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కెటిల్ లోయలో బాణంతో ఎల్క్ దుప్పిని కొట్టాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సులు గుప్పెడు, అడిగేవాళ్ళు బండెడు. అందుకని వసంతంలో అందరూ దరఖాస్తు పెట్టుకుంటారు. రానివాడికి ఓదార్పుగా ఒక పాయింటు ఇస్తారు. పాయింట్లు ఎక్కువున్నవాడికి ముందు పిలుపు. పిలుపొచ్చిందా, పోగేసినవన్నీ సున్నా. ఇంకొక మెలిక ఉంది. ఇద్దరు కలిసి ఒకే దరఖాస్తు పెడితే, వాళ్ళలో ఎవరికి తక్కువ పాయింట్లుంటే ఆ లెక్కే ఇద్దరికీ.

థేన్ మూతిమీద ఇంకా మీసం మొలవని రోజుల్లో వాళ్ళ నాన్న వెంట ఆ లోయలోకి వెళ్ళి, ఒక ముసలి మగదుప్పి కూత విన్నాడట. ఆ తర్వాత దాన్ని చూశాడట. కొమ్ములు ఇంత అని చేతులు చాచి చూపిస్తాడు. ఏటేటా ఆ చేతులు ఇంకాస్త దూరం జరుగుతాయి. మళ్ళీ లైసెన్సు లేకుండా ఆ లోయలో అడుగు పెట్టనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. నేను హకల్‌బెర్రీ పళ్ళు ఏరుకోవడానికి వెళుతూ రమ్మన్నా రాడు. గట్టు మీదే కూర్చుని నా బుట్ట నిండేదాకా కాపలా కాస్తాడు, అంతే.

ఇప్పుడు కుడి మోకాలు అరిగిపోయింది. చలికాలం వచ్చేసరికి మార్చక తప్పదని, ఆ తర్వాత కొండలూ గుట్టలూ మానుకోవాలని డాక్టరు చెప్పింది. అంటే థేన్‌కి మిగిలింది ఈ ఒక్క శరదృతువే. "ఈ ఏడు వస్తుందే ఆర్డీ, వచ్చి తీరాలి," అంటూ తిరిగాడు. సరిగ్గా అప్పుడే ఫిబ్రవరిలో ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెట్టారు, లైసెన్సుల రూలు మారుస్తున్నామని.

వన్యప్రాణుల ఆఫీసు నుంచి మేరెన్ అనే అమ్మాయి వచ్చింది. నెమ్మదస్తురాలు. ఆ రోజు విలుకాళ్ళ మధ్య నిలబడ్డాక ఇంకా నెమ్మదించింది. ఆ అమ్మాయి చెప్పిందేమంటే, ఇకమీదట సగం లైసెన్సులే పాయింట్లని బట్టి ఇస్తారు. మిగతా సగానికి అందరి పేర్లూ ఒకచోట కలిపి చీటీ తీస్తారు. ఎవరి అదృష్టం వాళ్ళది.

థేన్ మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచాడు. "అదేంటమ్మాయ్! వరసలో నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయినవాణ్ణి పక్కకి నెట్టి, ఇప్పుడే తలుపు తోసుకొచ్చినవాడి ముందు పళ్ళెం పెడతారా?"

ఆ ఇప్పుడే తలుపు తోసుకొచ్చినవాడు బ్రిగ్స్. స్కూలు బస్సు నడుపుతాడు, మా ఊరొచ్చి రెండేళ్ళయింది. "పెద్దాయనా, మీ వరసలో నేను ఇవాళ నిలబడితే మీ వయసొచ్చాక నాకు పిలుపొస్తుంది. అప్పుడు విల్లు లాగాలా, ఊతకర్ర వెతుక్కోవాలా?"

"నీకు ఊతకర్రే నయం. నిరుడు నువ్వు వేసిన బాణాలు ఇప్పటికీ నా గడ్డిమోపుల్లో దొరుకుతున్నాయి, నా ఆవులు భయపడి ఛస్తున్నాయి!"

హాలంతా నవ్వింది. బ్రిగ్స్ కూడా నవ్వాడు. నవ్వగలడు కాబట్టే నాకు వాడంటే ఇష్టం.

అప్పుడు రూలన్ లేచాడు. మా పక్క పొలం ఆయన. తన విల్లు తానే చెక్కుకుంటాడు, కప్పీలూ తీగలూ ఉన్న విల్లంటే ఆయనకి పడదు. ఏ మీటింగైనా ఆయన చెప్పేది ఒకటే. రోడ్డు వేసే మీటింగులో కూడా అదే చెప్పాడు. "పాయింట్లూ వద్దు, చీటీలూ వద్దు. ఆ కప్పీల విల్లులన్నీ నిషేధించండి. కర్రవిల్లు పట్టేవాడికే లైసెన్సు. అప్పుడు అడిగేవాళ్ళు ముగ్గురే ఉంటారు, అందరికీ వస్తుంది."

"ఆ ముగ్గురికీ దుప్పి దొరకదు," అన్నాడు థేన్. "దుప్పుల్ని అడుగు, అవి మాత్రం నీ రూలుకే ఓటేస్తాయి."

"ఒరే థేన్, నా బాణానికి చచ్చినవాటిని అడగరా!"

"ఏవీ, ఎక్కడున్నాయి?"

మేరెన్ కాగితం మీద అందరి మాటలూ రాసుకుంటోంది, పాపం. పొరుగు రాష్ట్రం వాళ్ళని ఆపెయ్యమన్నారు ఒకరు. తుపాకీ వాళ్ళ సీజను వెనక్కి జరపమన్నారు ఇంకొకరు. ఒకరి మాట ఒకరికి పడలేదు కానీ నేను పళ్ళముక్కలు కూరి కాల్చి పట్టుకెళ్ళిన ఆపిల్ పై మాత్రం అందరికీ పడింది. ముక్కలు కోసి పంచుతుంటే బ్రిగ్స్ అన్నాడు: "చీటీ అన్నాక ఎవరికైనా తగలొచ్చు. మన ఆర్డిత్ పెద్దమ్మకి కూడా తగలొచ్చు."

థేన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "ఆర్డీకి కెటిల్ లోయ లైసెన్సు వస్తే నేను సగం మీసం తీయించుకుంటా!"

ఆ మీసం సంగతి చెప్పాలి. మా పెళ్ళినాటికే ఉంది. కాఫీ తాగితే అది ముందు తాగి, మిగిలింది థేన్‌కి వదులుతుంది. ఆయన నవ్వినా ఏడ్చినా దాని వెనకే.

"ఏ సగం?" అన్నాను కత్తి తుడుచుకుంటూ.

"కుడి సగం," అన్నాడు రూలన్. "వేట సీజను అయ్యేదాకా మళ్ళీ పెంచకూడదు. సాక్ష్యం మేమంతా."

ఇంటికి వస్తూ ట్రక్కులో మెల్లగా అడిగాను, "పోనీ ఇద్దరం కలిసే పెడదామా?" అని.

బ్రేకు వేసినంత పని చేశాడు. "నీ సున్నాతో కలిపితే నా పదిహేడూ ఏట్లో పోసినట్టే! నీ ఇష్టమొచ్చింది చేసుకోవే, నా పాయింట్ల జోలికి మాత్రం రాకు."

సరే, రాలేదు. నా దరఖాస్తు నేనే పెట్టుకున్నాను. నాకు వేట తెలియదనుకోకండి. ఏటా శీతాకాలానికి ఒక జింకని మా పెరటి కంచె దగ్గరే బాణంతో కొడతాను, అది నా బంగాళాదుంపల మడిలోకి దిగగానే. ఎక్కడికీ వెళ్ళను. అందుకే మగవాళ్ళు దాన్ని వేటకింద లెక్కవెయ్యరు, కూరకింద లెక్కవేస్తారు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. ఉల్లిమళ్ళలో కలుపు తీస్తుంటే నా ఫోను మోగింది. చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. లోపల థేన్ బల్ల దగ్గర తన ఫోను వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం చూస్తే అడగక్కర్లేకపోయింది. ఆ సగం లైసెన్సులకి ఆయనకంటే ఎక్కువ పాయింట్లున్న పట్నం వాళ్ళు ముందే ఉన్నారు. థేన్‌కి దక్కింది పద్దెనిమిదో పాయింటు.

"నీకేమొచ్చింది?" అన్నాడు తలెత్తకుండా.

నేను ఫోను బల్లమీద పెట్టాను.

లేచి వెళ్ళి, బాగానే ఉన్న కంచెని సాయంత్రందాకా బాగుచేశాడు. మర్నాడు ఉదయం కాఫీకి వచ్చినప్పుడు కుడివైపు మీసం లేదు. అడగలేదు నేను, ఎవరూ గుర్తు చేయలేదు. మాటంటే మాటే ఆయనకి. గాలివానకి ఒక తలుపు ఊడిపోయిన కొట్టంలా ఉన్నాడు. రూలన్ చూడటానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, నవ్వబోయి మానేసి, "బాగానే ఉందిరా," అనేసి వెళ్ళిపోయాడు. ఆ మనిషి నవ్వు ఆపుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

థేన్ విల్లు తీసుకెళ్ళి కొట్టంలో మేకుకి తగిలించేశాడు. వారం గడిచాక నేనే కదిపాను.

"లైసెన్సయితే ఉంది కానీ దుప్పిని పిలవడం నాకు రాదుగా. నువ్వు రాకపోతే ఆ లోయలో కూర్చుని మేజోళ్ళు అల్లుకోవాలి నేను."

"నాకు ఒట్టుంది."

"ఇంట్లో ఒకరికి లైసెన్సుంటే చాల్లే. నీ ఇంటిపేరే కదా దానిమీద ఉంది."

"విల్లు పట్టుకోను."

"పట్టుకోకు. నోరుంది కదా, అది చాలు."

ఆ రాత్రి కొట్టంలోంచి కూతలు వినిపించాయి. ఆడదుప్పి కూత, మగదుప్పి కూత, మధ్యలో థేన్ దగ్గు. మా కుక్క మంచం కింద దూరింది.

సెప్టెంబరులో బయల్దేరాం. సామానంతా మా కంచరగాడిద ప్యాన్సీ మీద వేశాం. ఎక్కేటప్పుడు థేన్ బాగానే ఎక్కాడు. దిగుడు దగ్గర మోకాలు మొరాయిస్తే, లోయకి వీపు పెట్టి వెనకడుగులు వేస్తూ దిగాడు. అన్నేళ్ళు కలవరించిన చోటికి అలా వీపుతో ప్రవేశించాడు మా ఆయన. నేను తల పక్కకి తిప్పుకున్నాను. ప్యాన్సీ మాత్రం సకిలించింది.

తెల్లవారుతుండగా పడిపోయిన ఒక చెట్టు వెనక నేను కూర్చున్నాను. నా వెనక కాస్త ఎడంగా థేన్, నోట్లో దుప్పి కూత పలికించే రబ్బరు ముక్కతో. గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. ఆయన ఆడదుప్పిలా ఒక్క మూలుగు మూలిగాడు. పెళ్ళయిన కొత్తలో కూడా నాతో అంత మెత్తగా మాట్లాడలేదు.

ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి ఒకటి వచ్చింది. కుర్రది. చిన్న కొమ్ములు, నున్నటి ఒళ్ళు, వేసవంతా పచ్చిక మేసి గుండ్రంగా ఉంది. గాలి నా బుగ్గకే కొడుతోంది, మా వాసన దానికి అందదు. అది పక్కకి తిరిగి నిలబడింది.

"ఆగవే," వెనక నుంచి గుసగుస. "పెద్దది వెనకుంది... ఆర్డీ, ఆగు..."

నేను వదిలేశాను. బాణం ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అది నాలుగు గంతులేసి చెట్లలో ఒరిగిపోయింది.

థేన్ టోపీ నేలకేసి కొట్టాడు. "ఏంటే ఇది! ఎండ కూడా పడలేదు ఇంకా! ఇన్నేళ్ళు ఎదురుచూశానే! ఒక్క పూటన్నా ఆగలేవా?"

"నీ పాయింట్లు నీ దగ్గరే ఉన్నాయిగా. నేనొచ్చింది మాంసానికి."

"ఆ కొమ్ములు చూశావా? టోపీ తగిలించుకోవడానికి కూడా పనికిరావు!"

"ఎంత ఉడికించినా కొమ్ములు మెత్తబడవయ్యా. పద, కత్తి పట్టు."

సణుగుతూనే పట్టాడు. చర్మం ఒలుస్తూ సణిగాడు, తొడలు విడదీస్తూ సణిగాడు. అప్పుడు పైనుంచి వచ్చింది కూత. సన్నగా మొదలై, కొండలన్నీ ఒకేసారి ఊపిరి వదిలినట్టు కిందికి దిగింది. థేన్ చేతిలో కత్తి ఆగిపోయింది. మెల్లగా రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుని బదులు కూశాడు. అదీ కూసింది. ఈయనా కూశాడు. అలా ఒకరినొకరు తిట్టుకుంటూ దగ్గరయ్యారు.

ఆ పెద్ద దుప్పి చెట్ల అంచుకి వచ్చి నిలబడింది. ఒంటినిండా బురద, మెడమీద నల్లటి జూలు. ఊపిరి పొగలా లేస్తోంది. కొమ్ములు చాలా పెద్దవి. థేన్ చేతులు చాచి చూపించేటంత మాత్రం లేవు. ఆ మాట నేను ఇప్పటిదాకా ఆయనతో అనలేదు.

థేన్ లేచి నిలబడ్డాడు. చేతులు ఖాళీ, మోచేతుల దాకా నెత్తురు. నేను ఆయన మొహం చూశాను. మీసం ఉన్నవైపు ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు. లేనివైపు పెదవి వణికిపోతోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మీసం నా దగ్గర ఎన్ని దాచిందో కదా అనుకున్నాను.

దుప్పి ఆయన్ని తాపీగా చూసి, వెనుదిరిగి వెళ్ళిపోయింది.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"ఎండెక్కకముందే మాంసం మూటకట్టు," అన్నాడు. అని, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. మళ్ళీ ఫైర్ స్టేషన్ హాలు, మళ్ళీ నా ఆపిల్ పై. థేన్‌కి కొత్త మోకాలు, పూర్తి మీసం. కొత్త రూలు ఎలా ఉందని మేరెన్ అడిగింది. రూలన్ లేచి కప్పీల విల్లులు నిషేధించమన్నాడు. బ్రిగ్స్ లేచి, "ఈ చీటీల పద్ధతి అన్యాయమండీ! వరసలో ఉన్నవాళ్ళ గతేంటి?" అన్నాడు. వాడికి నిరుడు రాలేదు. చేతికి ఒక పాయింటు వచ్చింది.

అందరూ థేన్ వైపు తిరిగారు. ఈ ఏడు ఆయన ఏమంటాడోనని.

ఆయన చేతికర్ర మీద బరువు వేసి లేచాడు. "అమ్మాయ్, ఇద్దరు కలిసి పెడితే తక్కువున్నవాళ్ళ లెక్కేనా, ఇంకా?"

"అవునండీ. అదేం మారలేదు."

"పద్దెనిమిది ఉన్నవాడూ, సున్నా ఉన్నావిడా కలిసి పెడితే?"

"ఇద్దరికీ సున్నానే అండీ. ఇక చీటీలో తగిలితేనే."

"సరే," అని కూర్చున్నాడు.

పద్దెనిమిది పాయింట్లంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

రూలనే ముందు తేరుకున్నాడు. "ఒరేయ్, ఆపరేషన్ చేసింది మోకాలికా, బుర్రకా?"

థేన్ వినిపించుకోలేదు. నా వైపు ఖాళీ పళ్ళెం చాచాడు. "ఆర్డీ, ఇంకో ముక్కుందా?"

ఉంది. పెద్దదే వేశాను. "కొండలెక్కొద్దంది కదా డాక్టరు?"

"ప్యాన్సీ ఎక్కుతుంది. దానిమీద నేనెక్కుతా. లైసెన్సు తగిలితే ఈసారి ముందు నేను కూర్చుంటాను. నువ్వు వెనక నుంచి పిలువు."

"నాకు పిలవడం రాదన్నానుగా."

"నేర్పిస్తాలే."

నేర్పిస్తున్నాడు. ఇప్పుడు మా కొట్టంలో ఇద్దరం కూస్తున్నాం. కుక్క మాత్రం రూలన్ వాళ్ళింటికి మకాం మార్చేసింది.