తెర వెనక పలికిన మాట

ఆ నర్సు నా భార్య చివరి మాట నాకు దక్కనివ్వలేదు.

పోయేవాళ్ళ నోట ఆఖరున రావలసింది కలిమా, అల్లా ఒక్కడే దేవుడని చెప్పే మాట. దాని తర్వాత ఇంకో మాట రాకూడదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. నా భార్యకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రెండు మాటలు అనేసరికి ఆగి గాలి పీల్చుకునేది. చెప్పకుండానే ఎక్కడ పోతుందోనని నేను ఆసుపత్రి మంచం పక్కనే కూర్చుని “కలిమా చెప్పు, కలిమా చెప్పు” అంటూనే ఉన్నాను.

“ఊపిరి... తీసుకోనివ్వండి. నన్ను సాగనంపేదాకా... ఊరుకునేలా లేరు” అంది.

నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నానికి నా భార్య వేళ్ళు చల్లబడ్డాయి. నర్సు ఆమె జుట్టును ముసుగులోకి సర్దింది. వార్డుబాయ్‌ని లోపలికి రావద్దని గుమ్మంలోనే ఆపింది. నావైపు తిరిగి, “బాబాయ్, కాసేపు బయట కూర్చోండి” అంది.

“నేనెందుకు పోవాలి? నా మనిషి.”

“పిన్నే పంపించమంది. మీ మొహం చూస్తే భయమేస్తోందట.”

గుమ్మం తెర లాగేసింది. బయట బల్ల మీద కూర్చున్నాను. తెర కింద నర్సు చెప్పులు కనబడుతున్నాయి. గుసగుసలు వినబడ్డాయి గానీ మాటలు అందలేదు.

తెర తీయగానే లోపలికి వెళ్ళాను.

“నీళ్ళు కావాలా?”

పలకలేదు.

“కోపమొచ్చిందా నామీద?”

కళ్ళు నావైపే ఉన్నాయి. పెదాలు బిగించింది. నాలుక పడిపోయిందనుకున్నాను. ఇక కలిమా చెప్పడం ఆమె వల్ల కాదనుకున్నాను. మళ్ళీ “కలిమా” అనబోతే నర్సు నా భుజం పట్టుకుంది.

“చెప్పేసింది బాబాయ్. ఇక మాట్లాడించకండి. మీరు పలకరిస్తే ఉండబట్టలేక ఏదో ఒకటి అనేస్తానంది. మిమ్మల్ని ఆపమని నా దగ్గర మాట తీసుకుంది.”

“నన్ను ఊరడించడానికి చెప్తున్నావు. ఏమందో అను చూద్దాం.”

నర్సుది మా మతం కాదు. అయినా మెల్లగా పలికింది. సగంలో ఆగింది, గాలి పీల్చింది, మిగతాది పలికింది. కలిమాలో అక్కడ ఆగరు. అలా ఆగేది నా భార్యే.

సాయంత్రం దాకా నా భార్య చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆమె పెదాలు విప్పలేదు. అలాగే పోయింది.

కాపురంలో నేను పిలిస్తే ఆమె పలకనిది ఆ రోజే.

తర్వాత ఆ నర్సు బజార్లో ఎదురై “బాగున్నారా బాబాయ్” అంది. నాకు దక్కాల్సిన మాట ఆమెకు దక్కిందని మొహం తిప్పుకున్నాను. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. నేనూ నిలబడతాను. ఈ సంగతి ఇక నా నోట రాదు.